జవాబు రాని పాట

2141వ సంవత్సరం. మధ్యాహ్నం మూడింటికే కొండమీది మైదానం గేటు దగ్గర జనం బారులు తీరారు. సముద్రం పాత విశాఖను మింగాక ఊరంతా కొండలెక్కి ముప్పై ఏళ్లయింది.

ఆ రోజు లియోన్ బతీస్త్ ఉచిత కచేరీ. అతను పుట్టిన ఊరు న్యూ ఆర్లియన్స్ అంతకు ఎంతో ముందే మునిగింది. ఏడేళ్ల వయసులో ఇక్కడికి చేరిన అతనికి ఇప్పుడు ఎనభై ఒకటి. ఆ ఊరి క్రియోల్ జాజ్ బాంజో తెలిసినవాడు ఇక భూమ్మీద అతనొక్కడే.

"బాంజో అంటే మీటలు నొక్కేదేనా?" అని అడిగింది ఒకామె.

"అది కాదప్పా. తోలు బిగించిన పళ్లెం, పొడుగాటి మెడ, నాలుగు తీగలు. బిళ్ల ఏయించుకో, నీకే తెలుస్తాది," అన్నాడు గేటు మనిషి.

ఆమె చెవి వెనుక అనుభవ బిళ్ల అంటించాడు. తొమ్మిది సెకన్లు పట్టింది. ఆమె కళ్లు తుడుచుకుని, "ముసలాయన ఎంత బాగా వాయించాడో!" అంటూ ఇంటిదారి పట్టింది.

ఆ బిళ్ల డాక్టర్ హైమవతి కనిపెట్టినది. ఒకరు విన్న కచేరీ మెదడులో వదిలే గుర్తులను, అంటే న్యూరల్ ఇంప్రింట్‌ను, అది ఇంకొకరి మెదడులో అచ్చు వేస్తుంది. రెండు గంటలు కూర్చోనక్కరలేదు, కూర్చున్న జ్ఞాపకం మిగులుతుంది. ముందు రోజు ప్రయోగశాలలో లియోన్ వాయించగా హైమవతి విన్నది. ఆ జ్ఞాపకమే ఊరందరికీ పంచారు.

కచేరీ వేళ దాటాక హైమవతి వేదిక దగ్గరికి వచ్చింది. కుర్చీలన్నీ ఖాళీ.

"పన్నెండు వేలమంది తాతగారూ! అందరూ ఏడ్చారు."

"ఒక్కడూ కూకోనేదమ్మా," అన్నాడు లియోన్. "మాకో ఆచారముంది. ఆకరి పాటలో నాను ఆగాల. ఇనేవోలు జవాబు పాడాల. అప్పుడే ఆకరి మీటు. జవాబు పాడినోలికే ఈ బాంజో ఇద్దె నేర్పాల. ఇప్పుడెవులికి నేర్పీది?"

"నిన్న నేను పాడానుగా! నాకు నేర్పండి."

అతను ఆమెను తేరిపార చూశాడు. "నువ్వా? మూడో పాటకే ఫోనొచ్చిందని లేచి ఎలిపోనావు. మళ్లీ రానేదు."

హైమవతి నవ్వుతూనే చేతిలోని పలకలో నిన్నటి నమోదు తెరిచింది. ఆమె విన్నది ఇరవయ్యారు నిమిషాలే. తక్కినదంతా యంత్రం ఊహించి పూరించింది. పరీక్ష కోసం మొదటి బిళ్ల వేసుకున్నది తనే; జవాబు పాడిన జ్ఞాపకం దానిదే.

"అంటే ఆఖరి పాట..."

"నువ్వూ ఇన్నేదు, ఊరూ ఇన్నేదు."

ఆమె గబగబా ముందు వరసలో కూర్చుంది. "ఇప్పుడు వాయించండి. చివరిదాకా ఉంటాను. ఒట్టు."

లియోన్ తీగలు సరిచేసుకుని మొదలుపెట్టాడు. మొదటి పాట ఆమెకు తెలిసినదే. రెండోదీ తెలిసినదే. మూడో పాట నడుస్తుండగా, తాను జవాబు పాడినప్పుడు ముసలాయన మొహం ఎలా వెలిగిందో ఆమెకు స్పష్టంగా గుర్తొచ్చింది. ఎక్కడో కొత్త వరస వినిపించినట్టే ఉంది. కానీ గుండె అప్పటికే నిండి ఉంది. ఇంకా వినడానికి ఏముంది? కచేరీకి భంగం కలగకూడదని చప్పుడు చేయకుండా లేచి, చేతులు జోడించి వెళ్లిపోయింది.

లియోన్ తలెత్తలేదు. ఆఖరి పాట దాకా వాయించి, జవాబు రావలసిన చోట ఆగాడు. ఆఖరి మీటు మీటకుండానే నాలుగు తీగలూ ఒక్కొక్కటిగా వదులు చేశాడు.