కనిపించని అరవై ఒకటో ప్లే

ఎవరైనా నవ్వుతూ దగ్గరికొస్తే ముందు వాళ్ల చేతుల వంక చూసే రకం నేను. నన్నని లాభం లేదు, నా పని అలాంటిది. లూసియానాలో బెల్‌ఫాంటేన్ అనే చిన్న కాలేజీలో, చేతులతో ఆడే అమెరికన్ ఫుట్‌బాల్ జట్టులో నేను సేఫ్టీని. అందరికంటే వెనక నిలబడి, ఎదుటివాడు ఇటు పరిగెడతానని నమ్మించి అటు బంతి విసురుతాడేమోనని ప్రతి ప్లేలోనూ, అంటే బంతి కదిలి మళ్లీ ఆగేదాకా సాగే ప్రతి ఎత్తులోనూ, అనుమానించాలి. నాలుగేళ్లు అదే పని చేస్తే మనిషి కాఫీ ఇచ్చే అమ్మాయిని కూడా అలాగే చూస్తాడు.

అందుకే ఆ ఆదివారం వీడియో గదిలో అందరూ కునికిపాట్లు పడుతుంటే నాకొక్కడికే కనబడింది, అరవై ఒకటో ప్లే సగం మాయమైందని.

మా ఆటలో ప్రతి ప్లేనీ రెండు చోట్ల నుంచి తీస్తారు. ఒక కెమెరా పక్కనుంచి, ఇంకోటి గోల్‌పోస్టుల వెనక మనిషిని నలభై అడుగులు పైకెత్తే లిఫ్ట్ మీదనుంచి. తెర మీద ఒకటయ్యాక ఒకటి వస్తాయి. అరవై ఒకటికి మాత్రం పక్కనుంచి తీసింది వచ్చి, వెంటనే అరవై రెండు మొదలైంది.

ఆ అరవై ఒకటే నా కొంప ముంచిన ప్లే. శనివారం మూడో క్వార్టర్లో టైరీ ఓడమ్ అనే పొడుగాటి కుర్రాడు బంతి కోసం గాల్లోకి లేచాడు, నేను వెళ్లి గుద్దాను. తప్పాట అని పసుపు జెండా పడింది. రిఫరీలు వీడియో చూసుకుని టార్గెటింగ్ అని తేల్చారు. అంటే హెల్మెట్ నడినెత్తితో ఎదుటివాడి తల మీద కొట్టడం. అప్పటికప్పుడు ఆటలోంచి గెంటేశారు. రెండో సగంలో చేసిన తప్పు కాబట్టి వచ్చే శనివారం మొదటి సగం కూడా కూర్చోవాలి.

నేను భుజంతోనే కొట్టాను. దేవుడి మీద ఒట్టేసి చెప్పగలను. నాలుగు రోజులూ అలాగే ఒట్లేశాను కూడా.

ఆ మొదటి సగమే నాకు ప్రాణం. ప్రొఫెషనల్ జట్టుకి ఆటగాళ్లని వెతికే స్కౌట్ ఒకడు నన్ను చూడ్డానికి వస్తున్నాడు. మాలాంటి కాలేజీకి స్కౌట్ రావడమే గొప్ప. వచ్చినవాడు మొదటి సగం చూసి, సాయంత్రం ఇంకో ఊళ్లో ఆట ఉందని కారెక్కేస్తాడు. నేను చివరి సంవత్సరంలో ఉన్నాను, ఇంకో స్కౌట్ ఇంక రాడు. బుధవారం మధ్యాహ్నంలోగా కోచ్ వీడియోతో అప్పీలు పెడితే లీగ్ వాళ్లు శిక్ష ఎత్తేయొచ్చు. వెనకనుంచి తీసిన వీడియో ఉంటే నా భుజం స్పష్టంగా కనబడేది.

ఆ లిఫ్ట్ మీద ఉండేది కొరిన్ మెలాన్‌సాన్.

కొరిన్ గురించి ఒక ముక్క ఇక్కడే చెప్పాలి. రెండేళ్లుగా ప్రతి ప్లేకి ముందు నేను తలెత్తి ఆ లిఫ్ట్ వైపు చూస్తున్నాను. గాలికి ఎగిరే జుట్టు, నోట్లో పెన్సిలు, కెమెరా వెనక సగం ముఖం. కోచ్ పిట్రే ఒకసారి వీడియో ఆపి, "ఫ్రూజే, ఆకాశంలో ఏముందిరా, విమానమా?" అని ఇంటిపేరు పెట్టి పిలిచి అందరి ముందూ నా పరువు తీశాడు. ఇన్ని చూపులు చూసినా మాట్లాడిన మాటలు పది దాటవు. అలాంటి అమ్మాయి మీద ఇప్పుడు అనుమానపడాల్సి వచ్చింది.

వీడియో ఏదని కోచ్ అడిగితే బ్యాటరీ అయిపోయిందని చెప్పిందట. సోమవారం పొద్దున నేను కాఫీ పట్టుకెళ్లి ఏమీ ఎరగనట్టు అడిగితే, మెమరీ కార్డు నిండిపోయిందని చెప్పింది. ఒక ప్లేకి రెండు కథలు. పైగా నా ముఖం చూడకుండా కాఫీ మూతతో ఆడుకుంటూ చెప్పింది.

ఇంకా ఉంది. ఆమె పెదనాన్న కొడుకు డేన్ ఆ ఎదుటి జట్టులోనే ఆడతాడు. లూసియానాలో ఎవరికైనా ఎక్కడో ఒక కజిన్ ఉంటాడు, నిజమే. కానీ నేను అనుమానించదలుచుకుంటే కజిన్ ఒక్కడు చాలు.

ఆ మధ్యాహ్నం ఎర్లీన్ గారి దుకాణానికి బూడాన్ తినడానికి వెళ్లాను. అన్నం, పందిమాంసం కూరిన సాసేజ్‌లకి ఆవిడ దుకాణం పెట్టింది పేరు, వాదనలకి ఇంకా పేరు. లోపల అప్పటికే నా గురించే పంచాయితీ నడుస్తోంది. కొట్టకుండా ఆడేదానికి హెల్మెట్లెందుకు, పూసల దండలేసుకుని ఆడమనండి అంటున్నారు ఎర్లీన్ గారు. పోస్ట్‌మ్యాన్ హెబర్ట్ ఆలోచనాపరుడు. పొరపాటున తగిలితే పదిహేను గజాలు వెనక్కి పంపాలి, కావాలని కొడితేనే గెంటెయ్యాలి, రెండింటికీ ఒకే శిక్ష ఏం న్యాయం అని ఆయన బాధ. ఓడమ్ కూడా తల వంచాడు కదా అని నేను నా వంతు కలిపాను.

మూల బల్ల దగ్గర కొరిన్ ఉందని అప్పటిదాకా చూడలేదు.

"పొరపాటున తగిలిందా కావాలని కొట్టారా అన్నది దెబ్బ తిన్నవాడి మెదడుకి తెలుస్తుందా హెబర్ట్ గారూ?" అంది ఆమె, ఎవరి వైపూ చూడకుండా.

ఎర్లీన్ గారు, "నువ్వు మన జట్టు పిల్లవేనా అసలు?" అన్నారు. నేను అడగాలనుకున్నదీ సరిగ్గా అదే.

ఆమె ఫోన్ మోగింది. బయటికెళ్లి మాట్లాడింది. నేను టమాటా సాస్ కోసం వెళ్తున్నట్టు కిటికీ దగ్గరికి వెళ్లాను. సాస్ నా బల్ల మీదే ఉంది, అది వేరే సంగతి.

"నా దగ్గరే ఉంది డేన్," అంటోంది కొరిన్. "లేదు, ఇంకా ఎవరికీ చూపించలేదు."

బూడాన్ సగంలోనే వదిలేశాను. నన్ను బయట కూర్చోబెట్టడానికి ఈ పిల్ల ఎదుటి జట్టుతో కలిసిపోయిందని తీర్మానించుకున్నాను. రెండేళ్లు తలెత్తి చూసినందుకు నాకు బాగా బుద్ధి వచ్చిందనుకున్నాను. కోపంకంటే ఎక్కువగా నొప్పేసింది.

మంగళవారం ప్రాక్టీసు మధ్యలో ఉరిమింది. మెరుపు కనిపిస్తే లిఫ్ట్ దించెయ్యాలన్నది రూలు. జట్టంతా లోపలికి పరిగెత్తింది. నేను మాత్రం లిఫ్ట్ కిందే నిలబడ్డాను. కొరిన్ కెమెరాని కోటులో చుట్టి చంటిబిడ్డలా పట్టుకుని దిగింది. అప్పటికి వాన దంచుతోంది. ఇద్దరం స్టాండ్ల కిందికి దూరాం. పైన రేకుల మీద చినుకుల మోతకి గట్టిగా మాట్లాడక తప్పలేదు.

"క్లిప్ నీ దగ్గరుంది. నిన్న విన్నాను," అన్నాను.

"చాటుగా విన్నావన్నమాట."

"నువ్వు చాటుగా దాచావుగా. నేనేం చేశాను నీకు? ఒక్క స్కౌట్ కొరిన్, ఒక్కడే. నన్ను కాపాడే వీడియో పెట్టుకుని మీ డేన్‌తో మంతనాలాడుతున్నావు."

ఆమె నన్ను వింతగా చూసింది. జుట్టులోంచి నీళ్లు కళ్లలోకి కారుతున్నా తుడుచుకోలేదు.

"రెండేళ్లు పైకి చూడ్డమే తప్ప పలకరించనివాడివి, సోమవారం కాఫీ తెచ్చావు," అంది. "ఆ కాఫీ నాకా, క్లిప్‌కా?"

రెండింటికీ అన్నది నిజమైన జవాబు. అది పైకి చెప్పే జవాబు కాదు.

"నీకు నిజంగా తెలీదా ఆర్లెన్?" అంది, ఈసారి గొంతు తగ్గించి. "నాలుగు రోజుల్నించీ భుజం భుజం అంటున్నావు. తెలిసే అబద్ధమాడుతున్నావని అనుమానం నాకు. అలాగైతే నిన్ను అసహ్యించుకోవడం సులువయ్యేది."

సంచిలోంచి లాప్‌టాప్ తీసి మోకాళ్ల మీద పెట్టుకుంది. వాన జల్లు తెర మీద పడకుండా నేను నా జెర్సీ అడ్డం పట్టాను.

అరవై ఒకటో ప్లే. వెనకనుంచి.

మొదట నా వీపు. పరుగు. ఓడమ్ గాల్లోకి లేచాడు. అక్కడ, చివరి రెండడుగుల్లో, నా తల కిందికి వంగింది. నా కళ్లు గడ్డిని చూస్తున్నాయి. భుజం ఎక్కడో పక్కన ఉంది. నా హెల్మెట్ నడినెత్తి వాడి గడ్డానికి తగిలింది. బంతి పోయింది. వాడి రెండు చేతులూ అలాగే తెరుచుకుని, వాడు నేలమీద పడేదాకా మూసుకోలేదు.

మళ్లీ వెయ్యమన్నాను. వేసింది. ఎన్నిసార్లు వేసినా నా తల వంగుతూనే ఉంది.

"లీగ్ వాళ్లు ఇది చూస్తే నీ అప్పీలు అక్కడే పోతుంది. పక్కనుంచి తీసింది ఒక్కటే చూస్తే భుజమే అనిపిస్తుంది," అంది కొరిన్. "అందుకే తీసేశాను. దాచింది నీకోసమే. తప్పు చేశానని తెలుసు. అందుకే నీ ముఖం చూడలేకపోయాను."

"మరి డేన్?"

"వాడూ ఓడమూ ఒకే గదిలో ఉంటారు. ఓడమ్ మూడు రోజులుగా లైటు వేస్తే తట్టుకోలేకపోతున్నాడట. పుస్తకంలో రెండు లైన్లు చదివితే వాంతి. డేన్ క్లిప్ బయటపెట్టమని నన్ను తిడుతున్నాడు."

వాన తగ్గింది. ఆమె లాప్‌టాప్ మూసి, ఆ క్లిప్ ఉన్న చిన్న డ్రైవ్ నా చేతిలో పెట్టి వెళ్లిపోయింది. నీ ఇష్టం అని కూడా అనలేదు.

ఆ సాయంత్రమంతా నామీద నాకే అనుమానం. నాలుగేళ్లలో ఇంకెన్నిసార్లు తల వంచి ఉంటాను, ఇంకెన్నిసార్లు భుజమనుకుని ఉంటాను. డ్రైవ్‌ని చెరువులోకి విసిరేస్తే నాకు స్కౌట్ ఉంటాడు, కొరిన్‌కి ఉద్యోగం ఉంటుంది, ఎవరికీ ఏమీ తెలీదు. అలాగే చేద్దామని రెండుసార్లు గట్టిగా అనుకున్నాను, సిగ్గులేకుండా చెప్తున్నాను.

బుధవారం పొద్దున ఎనిమిదింటికి కోచ్ గది ముందుకి వెళ్లేసరికి కొరిన్ అప్పటికే బెంచీ మీద కూర్చుని ఉంది. చేతిలో ఇంకో డ్రైవ్.

"కాపీ పెట్టుకున్నావా?" అన్నాను.

"నిన్నెలా నమ్మను?" అంది.

ఇద్దరం కలిసే లోపలికి వెళ్లాం. కోచ్ పిట్రే క్లిప్ ఒక్కసారే చూశాడు. తరవాత లీగ్‌కి ఫోన్ చేసి, అప్పీలు లేదని చెప్పాడు. కొరిన్‌ని రెండు వారాలు లిఫ్ట్ ఎక్కొద్దన్నాడు. నాతో ఒకే మాట, "రేపట్నించి రోజూ అరగంట ముందు రా, కొట్టడం మొదట్నించి నేర్చుకుందువుగాని," అన్నాడు.

శనివారం మొదటి సగం స్టాండ్లలో పైవరసలో కూర్చున్నాను. పని లేని కొరిన్ వచ్చి, మధ్యలో ఒక సీటు వదిలి కూర్చుంది. ఎనిమిది వరసల కింద స్కౌట్. ఖాకీ టోపీ, ఒళ్లో నోటుబుక్కు. నా స్థానంలో ఆడుతున్న మొదటేడు పిల్లాడి గురించి ఏదో రాసుకుంటున్నాడు. వాడు బాగానే ఆడుతున్నాడు, అది ఇంకా మంట.

"ఒకటడగనా," అంది కొరిన్. "ఆ క్లిప్ నాకోసం ఇచ్చావా? నా దగ్గర మంచివాడివి అనిపించుకోడానికి?"

అవునంటే అందంగా ఉండేది.

"లేదు. నీకోసమైతే పారేసి ఉండేవాణ్ణి, నీ పని నీకుండేది. వాడి చేతులు అలా తెరుచుకోవడం చూశాక పారెయ్యలేకపోయాను."

ఆమె గట్టిగా ఊపిరి వదిలింది. "అవునంటే లేచి వెళ్లిపోదామనుకున్నాను," అని చెప్పి, మధ్య సీటులోకి జరిగింది.

మొదటి సగం అయిపోయింది. స్కౌట్ నోటుబుక్కు జేబులో పెట్టుకుని, టోపీ సర్దుకుని, మెట్లు దిగి గేటు దాటి వెళ్లిపోయాడు. అతను కనబడినంతసేపూ చూశాను. ఏడవకూడదనుకున్నాను, కళ్లు వినలేదు. కొరిన్ నా చెయ్యి పట్టుకుంది.

"నువ్వంటే నాకిష్టం కొరిన్," అన్నాను. "క్లిప్ లేకపోయినా కాఫీ తెచ్చేవాణ్ణి. ఎప్పుడో తేవాల్సింది."

"రెండో సగం చూసి నమ్ముతాను," అంది. "వెళ్లు, హెల్మెట్ పెట్టుకో."

నాలుగో క్వార్టర్లో మధ్యలోకి అలాంటి బంతే వచ్చింది. అలాగే ఒకడు గాల్లోకి లేచాడు. నేను కళ్లు వాడి నడుం మీదే పెట్టి, భుజంతో చుట్టి పడేశాను. బంతి మాత్రం వాడి చేతుల్లోనే ఉండిపోయింది. వాళ్లు పదకొండు గజాలు ముందుకొచ్చేశారు. ఎర్లీన్ గారు స్టాండ్లలోంచి నన్ను తిట్టిన తిట్టు మైదానమంతా విన్నది. నేను చెయ్యి అందిస్తే వాడు ఒక్క క్షణం ఆ చేతిని అనుమానంగా చూసి, పట్టుకుని లేచాడు.

ఆటయ్యాక గేటు దగ్గర కొరిన్ కాచుకుని ఉంది.

"రేపు మధ్యాహ్నం మా ఇంటికి భోజనానికి రా. అమ్మ గంబో పులుసు వండుతోంది, నిన్ను తీసుకురమ్మంది," అంది. "డేన్ వస్తున్నాడు. ఓడమ్‌ని కూడా తీసుకొస్తున్నాడు."

"వాడు నన్ను చూడాలనుకుంటున్నాడా?"

"వాడే అడిగాడు. నువ్వు కావాలనే కొట్టావా అని వాడికి అనుమానం. నేను చెప్తే నమ్మడట, నీ నోటితోనే వినాలట."

ఆ క్లిప్ చూసినప్పటికంటే ఎక్కువ భయమేసింది. కొరిన్ తొందరపెట్టలేదు. పార్కింగ్‌లో కార్లు ఒక్కొక్కటే కదిలిపోతున్నాయి.

"గదిలో లైట్లు తగ్గించి పెట్టమను మీ అమ్మని," అన్నాను. "వస్తాను."

ఆమె తల నా భుజానికి ఆనించింది. ఇద్దరం కారు దాకా అలాగే నడిచాం.