చలి తెలియని పన్ను

కొండాపూర్‌లో పళ్ల డాక్టర్ దగ్గరికి వెళ్లడానికి పన్ను నొప్పే ఉండక్కర్లేదు, పెళ్లి కుదరకపోయినా చాలు. మన లోహిత్ అలాగే వెళ్లాడు. ఎత్తుపళ్లు కనబడకుండా మూతి బిగించి దిగిన ఫొటో చూసిన మూడు సంబంధాల వాళ్లూ "అబ్బాయి నవ్వడా?" అని అడిగేసరికి, ప్రొద్దుటూరు నుంచి వాళ్లమ్మ లక్ష్మీదేవి ఫోన్లోనే తీర్పు చెప్పేసింది.

"ఆ పండ్లకు క్లిప్పులన్నా ఏయించుకో, లేదా సన్యాసమన్నా తీసుకో నాయనా."

క్లిప్పులు వేసింది డాక్టర్ ప్రియదర్శిని. గోపన్‌పల్లి అమ్మాయి. మొదటి రోజే ఇద్దరికీ గొడవ.

"ఆర్నెల్లలో డెలివరీ కావాల మేడం. గట్టిగా లాగేయండి," అన్నాడు లోహిత్. ఆఫీసులో మేనేజర్ అతనితో మాట్లాడే భాష అదే మరి.

"ఏంది గుంజేది? పన్నేమన్న గోడకు కొట్టిన మొలనా?" ఆమె మాస్క్ కిందికి దించింది. "పన్ను లోపల మెత్తటి కండ ఉంటది. దాన్నే పల్ప్ అంటరు. దానికి నెత్తురు వేరు కొస నుంచే పోవాలె. పన్నును జరుపుతుంటే దానికి జర ఊపిరాడదు. మెల్లగ జరిపితే మళ్ల కోలుకుంటది. తొందరపడితే లోపల్నే సచ్చిపోతది. ఏడాదిన్నర పడ్తది. ఉంటే ఉండుర్రి, పోతే పోర్రి."

పోలేదు. మాస్క్ లేని ఆ మొహం చూశాక ఇంకెక్కడికి పోతాడు పాపం!

మూడో నెలలో పై వరస ముందుపన్ను ఒకటి మొద్దుబారింది. ప్రియదర్శిని దూదికి చల్లటి స్ప్రే కొట్టి పంటికి ఆనించింది.

"సల్లగ తెలుస్తుందా?"

"లేదు మేడం." అది నిజమే.

"ఫికర్ చెయ్యకుర్రి. క్లిప్పులున్నప్పుడు గిట్ల అయితది, మళ్ల తెలివికొస్తది. తీగ లూజ్ చేస్తున్న. ఇగ ప్రతి శనివారం వచ్చి చూపించుకోవాలె."

నెలకోసారి దొరికే దర్శనం వారానికోసారి! లోహిత్ క్లిప్పుల నోటితోనే ఈల వేయబోయి భంగపడ్డాడు.

మరుసటి శనివారం దూది తగలగానే పంటిలోంచి నడినెత్తి దాకా జివ్వుమంది. పన్ను బతికే ఉంది. అబ్బా అనబోయి ఆగిపోయాడు. అతను పనిచేసేది సపోర్ట్ టీంలో. ఫిర్యాదు తీరిందని టికెట్ క్లోజ్ చేశాక కస్టమర్ మళ్లీ మొహం చూపించడని అయిదేళ్ల అనుభవం చెబుతోంది.

"అస్సలు తెలియడం లేదు మేడం."

"మరి కండ్లల్ల నీళ్లేంది?"

"పన్ను మీద బెంగ మేడం."

అలా నాలుగు శనివారాలు గడిచాయి. బొరుగులతో చేసే ఉగ్గానిని కూడా మిక్సీలో వేసుకుని తాగుతున్నానని అతను చెబితే ఆమె పడీ పడీ నవ్వింది. బర్రెలు అమ్మేసినా పాలు పితికే అలవాటు పోక వాళ్ల నాన్న ఇంకా తెల్లవారకముందే లేచి అపార్ట్‌మెంట్ లిఫ్టులో పైకీ కిందికీ తిరుగుతున్నాడని చెప్పి తనే మళ్లీ నవ్వింది. పన్ను మాత్రం రికార్డుల్లో చచ్చే ఉంది.

అయిదో శనివారం కుర్చీ పక్కన ఇంజెక్షన్ సిద్ధంగా ఉంది. క్లినిక్ మేనేజర్ దినేష్ కూడా కళకళలాడుతూ నిలబడ్డాడు.

"రూట్ కెనాల్ సార్! లోపలి పల్ప్ తీసేసి క్యాప్ వేసేస్తాం. మేడం కూడా తన తప్పేనని రాసిచ్చేశారు."

ప్రియదర్శిని కళ్లు ఉబ్బి ఉన్నాయి. "ఇంక ఆగుదామని కొట్లాడిన. ఇన్ని వారాలు ఏం తెలుస్తలేదంటే నేనేం చెప్పాలె? ఎక్కువ గుంజినట్టున్న. నా చేతిల ఒక పన్ను సచ్చింది."

లోహిత్ ఇంజెక్షన్ వైపోసారి, ఆమె వైపోసారి చూశాడు. నిజం చెబితే ఈమె ఛీ కొడుతుంది. చెప్పకపోతే పన్నూ పోతుంది, చేయని తప్పును ఈమె మోస్తుంది. గభాలున లేచేసరికి పైనున్న లైటు తలకు ఠంగున తగిలింది.

"పన్ను బతికే ఉంది మేడం! నాలుగు వారాలుగా నేనే అబద్ధం చెప్తాండా. బాగైందంటే మీరు మళ్లీ నెలకు రమ్మంటారని. మీరంటే నాకిష్టం. మీ తప్పు యాడా లేదు!"

"సార్, కన్సెంట్ ఫారం..." అన్నాడు దినేష్.

"దినేష్, నువ్వు జర బయటికి పో," అంది ప్రియదర్శిని.

దూదికి స్ప్రే కొట్టి పంటికి అదిమింది. లోహిత్ "అమ్మో!" అని ఎగిరాడు. మళ్లీ అదిమింది. మళ్లీ ఎగిరాడు. మూడోసారికి దణ్ణం పెట్టేశాడు.

"తెలిసింది కదా మేడం, ఇంకెందుకు?"

"రెండుసార్లు టెస్టు. మూడోది నా కోపం." ఆమె కళ్లలో నీళ్లూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. రాసిచ్చిన కాగితాన్ని నాలుగు ముక్కలు చేసింది. "ఇయాల్టి నుంచి మీ కేసు ఈడి ఇంకో డాక్టరు, తిరుపతి సార్ చూస్తడు. ఆయన చెయ్యి జర బరువు."

లోహిత్ మొహం పాలిపోయింది. "ఇంక మీరు నన్ను చూడరా?"

"నేను పేషెంట్లతోని బయట చాయ్ తాగను. అందుకే కేసు ఇచ్చేస్తున్న." ఆమె గ్లోవ్స్ తీసి పారేసింది. "లే, పోదాం పా. నీ పన్ను పరేషాన్‌ల పొద్దటిసంది ఏం తినలే నేను."