ఆకలి బొగ్గు

"అక్కా, నా టమాటా మొక్క ఇలా అయిపోయిందేంటి?"

తమ్ముడి కేక విని, బడి నుంచి వచ్చిన హడావిడమ్మ బ్యాగు దించకుండానే బాల్కనీలో నిలబడిపోయింది. ఆ పేరు తాతయ్య పెట్టింది. సరిగ్గానే పెట్టాడు లెండి! పాలు చల్లారకముందే తాగి నాలుక కాల్చుకునే పిల్లని ఇంకేమంటారు?

కుండీలో కింది ఆకులు పసుపుపచ్చగా పాలిపోయాయి. ఒక్కగానొక్క పువ్వు రాలి మట్టిలో పడుంది. తమ్ముడు రోజూ దానికి గుడ్ మార్నింగ్ చెప్పేవాడు. మొదటి కాయ అమ్మకే ఇస్తానని మాట కూడా ఇచ్చాడు.

"నేనే నీళ్లు ఎక్కువ పోశానేమో," అన్నాడు వాడు, కళ్లు తుడుచుకుంటూ.

అక్కకి చటుక్కున బొగ్గు గుర్తొచ్చింది.

కిందటి వారం తాతయ్య బొగ్గు దంచుతూ, "మట్టిలో ఇది ఉంటే ఎరువు కొట్టుకుపోదు. కానీ దీనికి ఆకలెక్కువ. ముందు కడుపు నిండా తిండి పెట్టాకే మట్టిలో కలపాలి," అన్నాడు. తాతయ్య మాటల్లో సగం వేళాకోళమే. బొగ్గుకి ఆకలేంటి, విడ్డూరం కాకపోతే! ఆయన అటు తిరగగానే రెండు గుప్పెళ్లు తీసి, పక్కనున్న తన కుండీ వదిలేసి తమ్ముడి కుండీలో కలిపేసింది. కాయ త్వరగా కాస్తే వాడు గంతులేస్తాడనుకుంది.

ఇప్పుడు తాతయ్య దగ్గరికి పరుగెత్తింది. "బొగ్గుకి నిజంగానే ఆకలేస్తుందా?"

"వెయ్యదూ మరి? ఉత్త బొగ్గు వేస్తే మట్టిలో బలమంతా అదే పీల్చుకుంటుంది. మొక్క పస్తే. అందుకే ముందు ఎరువు నీళ్లలో నానబెడతాం." తాతయ్య ఆగి, ఆమె మొహంలోకి చూశాడు. "ఎవరి కుండీలో వేశావే?"

ఆమె తిరిగి బాల్కనీలో ఉన్న తమ్ముడి దగ్గరికి నడిచింది.

"నీళ్ల వల్ల కాదురా. నేనే బొగ్గు కలిపాను. నీకు చెప్పలేదు."

తమ్ముడు రాలిన పువ్వు తీసుకుని లోపలికి వెళ్లిపోయాడు. తిట్టినా బాగుండేదనిపించింది ఆమెకి. ఆ పూట అన్నం సహించలేదు.

మర్నాటి నుంచి మొక్కకి పలచటి ఎరువు నీళ్లు పోసింది. బకెట్‌లో ఎరువు నీళ్లు పోసి కొత్త బొగ్గు నానబెట్టి రోజూ కర్రతో కలిపింది. తమ్ముడు చూసీ చూడనట్టు వెళ్లిపోయేవాడు.

చాలా రోజులకి వాడే వచ్చి బకెట్ పక్కన కూర్చున్నాడు. "దాని కడుపు నిండిందా?"

"ఇంకా లేదురా."

"పువ్వు మళ్లీ వస్తుందా?"

వస్తుందని అనబోయి ఆగింది. "తెలీదురా," అంది.

కర్ర వాడి చేతికిచ్చింది. "తాతయ్యని అడిగి, నిండిందని నువ్వు చెప్పు. అప్పుడే కలుపుదాం. ముందు నా కుండీలో."