మీట లేని వాచీ

నా భార్య లవాన్ మరణశయ్య మీద ఉన్నప్పుడు ఆమె సొంత తమ్ముడు మెర్ల్ ఆమెను మోసం చేశాడు. ఇందులో వాదించడానికి ఏమీ లేదు.

వాళ్ల నాన్న నెబ్రాస్కాలో రైలింజను నడిపేవాడు. పోతూ పోతూ తన జేబు వాచీని కూతురికి ఇచ్చాడు, కొడుక్కి ఇవ్వలేదు. ఆ కడుపుమంటతో మెర్ల్ రైల్వేవాళ్లు వాడిన పాత రైలు వాచీలు కొనడం మొదలుపెట్టాడు. అద్దాల బీరువాలో మఖమలు పరిచి వరుసగా పేర్చాడు. ఇంటికి ఎవరినైనా పిలిస్తే వాటిని చూపించడానికే. అక్క వాచీలో ఉన్న మిషను లాంటిది మాత్రం వాడికి ఎక్కడా దొరకలేదు.

ఆమె మంచం పట్టాక ఒకరోజు ఆ వాచీ ఆగిపోయింది. మెర్ల్ వచ్చి పక్కన కూర్చున్నాడు.

“ఇలా ఇయ్యక్కా, నూనె వేయించి తెస్తాను.”

“తొందరగా తేరా. అది చెవి దగ్గర లేకపోతే నాకు నిద్ర పట్టదు.”

“నాన్న వాచీ నాకు మాత్రం పరాయిదా?”

వారాలు గడిచినా తేలేదు. బయట కారు చప్పుడైతే చాలు, ఆమె తలుపు వైపు చూసేది. తమ్ముడు వచ్చే వేళకు మగతలో ఉంటానేమోనని నొప్పి మందు కూడా వద్దనేది...

చివరికి తెచ్చాడు. అదే బయటి కేసు, వెనక అదే ఇంజను బొమ్మ, అంచున అదే సొట్ట. లవాన్ వాచీ మీది అద్దం తిప్పి తీసింది. రైలు వాచీలో ముళ్లు కదపాలంటే అద్దం తీసి, లోపలి చిన్న మీటను గోటితో లాగాలి. జేబులో ఉండగా పొరపాటున టైము మారకూడదని అలా చేస్తారు. చిన్నప్పుడు ఆ మీట లాగే పని తండ్రి ఆమెకే ఇచ్చేవాడు. ఆమె గోరు అంచు చుట్టూ తిరిగింది. మళ్లీ తిరిగింది. మీట లేదు.

తండ్రి కేసులో వేరే మిషను బిగించి తెచ్చాడు. చావబోయే మనిషి అద్దం తీసి చూడదనుకున్నాడు.

“ఎలా ఉందక్కా?”

“బాగా నడుస్తోందిరా. తిని వెళ్లు.”

వాడు తిన్నాడు. రెండోసారి కూడా వడ్డించుకున్నాడు.

వాడు వెళ్లాక ఆమె గోడవైపు తిరిగింది. “అడిగుంటే ఇచ్చేసేదాన్ని కదా, ఎల్డన్... వాడు అడగనైనా లేదు. నేనున్నంతకాలం వాణ్ని ఏమీ అనకు.”

అనలేదు. ఆ వాచీని ఆమె మళ్లీ చెవి దగ్గర పెట్టుకోలేదు. కంటి మీద కునుకు లేకుండానే పోయింది.

అంత్యక్రియలయ్యాక చర్చి కింది హాల్లో భోజనాలు పెట్టారు. మెర్ల్ పళ్లెం పట్టుకుని తిరుగుతూ, “నాన్న వాచీ బాగుచేయించి చేతిలో పెట్టాను. తృప్తిగా పోయింది మా అక్క” అని అందరికీ చెప్పాడు. ఆడవాళ్లు కళ్లు తుడుచుకున్నారు. తర్వాత నా పక్కకు జరిగాడు.

“బావా, ఆ వాచీ ఇక నీకెందుకు? నాన్న గుర్తుగా నా దగ్గర ఉండనీ.”

“మీ అక్క చేతిలో పెట్టి పూడ్చాను.”

“కేసుతో సహానా?”

పక్కనే ఉన్న వాడి భార్య ఐరిస్ కాఫీ తాగబోతూ ఆగిపోయింది.

“కేసు ఒక్కటే కదరా మీ నాన్నది,” అన్నాను. “మిషను నీ బీరువాలో ఉంది. విడివిడిగానే ఉండనీ.”

క్రిస్మస్‌కు ఆ మిషనును గుడ్డలో చుట్టుకుని మా గుమ్మంలోకి వచ్చాడు. ఏడ్చాడు.

“తప్పైంది బావా... సమాధి దగ్గరైనా పెట్టనివ్వు.”

“మీ అక్క నిన్ను కూర్చోబెట్టి తిండి పెట్టింది. నేను మీ అక్కను కాను.”

తలుపు వేశాను.

రాజీపడమని పాస్టరు అంటున్నాడు, చుట్టాలంటున్నారు. వాళ్ల కోసమే ఇదంతా ఒక్కసారి చెప్పాను. ఇక మెర్ల్ మాట గానీ వాచీ మాట గానీ నా దగ్గర ఎవరూ ఎత్తవద్దు. నేనూ ఎత్తను.