వెదురు చెవి

నీలిగవి రాజ్యానికి ఏం పోయేకాలం వచ్చిందో గానీ, ఒక ఏడాది మంచు దిగి మళ్లీ విడలేదు. మిట్టమధ్యాహ్నం కూడా మనిషికి మనిషి కనబడేవాడు కాదు. ఆ మంచు తగిలినవాళ్లు ఉన్నచోటనే కూలబడి నిద్రపోయేవారు. ఒళ్లు చల్లబడేది, చేతిలో నాడి అందేది కాదు. పోయారో బతికున్నారో తేల్చేది రాజుగారి ప్రాణమణి ఒక్కటే. బతికున్నవారి గుండెమీద పెడితే అది వెలుగుతుంది. అయితే అది కోట దాటి బయటికి రాదు! కోట బయట కూలబడ్డవాళ్లను మూడోరోజున అడవిలోని గుహలో వదిలేసి వచ్చేవారు. తిట్టకండి పిల్లలూ, వాళ్లకు మాత్రం ఏం తెలుసు?

బుట్టలల్లే బోడయ్య కూతురు పైడి పొరుగూళ్లో శరభయ్య అనే వైద్యుడి దగ్గర చదువుకునేది. వెదురుబొంగు ఒక కొస గుండెకు, రెండో కొస చెవికి ఆనిస్తే లోపలి చప్పుడు వినబడుతుందని ఆ పిల్ల కనిపెట్టింది. తోటివాళ్లు దానికి ‘వెదురు చెవి’ అని పేరుపెట్టి పకపకా నవ్వారు. ఆటలో విరగ్గొట్టారు కూడా.

సరిగ్గా ఆ రోజే కబురు వచ్చింది, బోడయ్యను గుహలో వదిలేశారని. పైడి అప్పటికప్పుడు పొదలోంచి ఒక బొంగు నరికి, లోపలి కణుపులు పొడిచి గొట్టంలా చేసి, అడవిలోకి పరుగెత్తింది.

దారికి అడ్డంగా పెద్దపులి పడి ఉంది. కళ్లు తెరిచే ఉన్నాయి గానీ రెప్ప పడటం లేదు.

“పిల్లా, నేను బతికున్నానా? ఎవరినడిగినా పారిపోతున్నారు,” అంది.

పైడి దాని గుండెకు బొంగు ఆనించింది. నూతిలోంచి వచ్చినట్టు సన్నగా చప్పుడు.

“బతికే ఉన్నావు పులిమామా!”

పులి నిట్టూర్చి, లేచి దారి ఇచ్చింది.

గుహలో మనుషులు వరసగా పడి ఉన్నారు. నడుమ కుంపటి దగ్గర మంచురక్కసి కూర్చుంది. ఊపిరి వదిలినప్పుడల్లా దాని నోట్లోంచి మంచు పొర్లుతోంది.

“ఎవరికోసమే?”

“మా నాన్న కోసం.”

“బతికున్నాడని తేల్చి తీసుకుపో. తప్పు చెప్పావంటే వాడి పక్కనే పడుకుంటావు.”

పైడి తండ్రి గుండెమీద బొంగు ఆనించింది. ఏమీ లేదు. చెవి మార్చి విన్నది. ఏమీ లేదు. ఎందుకో ఆ బొంగును తన గుండెకే ఆనించుకుంది. అక్కడా చప్పుడు లేదు!

రక్కసి కిచకిచా నవ్వింది. “నువ్వూ పోయావే పిచ్చిపిల్లా! ఎప్పుడు పోయావో నీకే తెలీదు.”

నిజమేనేమో అనుకుంది పైడి. ఒక్క క్షణం పక్కన పడుకోబోయింది కూడా. కానీ మోకాళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి. ‘పోయినదాన్నయితే ఇంత భయం ఎందుకు? లోపం నాలో కాదు, బొంగులో ఉంది,’ అనుకుంది. బొంగు లోపల వేలు తిప్పి చూస్తే తడి. “పచ్చి వెదురు తడి తాగుతుందే తల్లీ, సెగ చూపించకుండా పని మొదలెట్టకు,” అని బోడయ్య రోజూ చెప్పేవాడు. తొందరలో ఆ మాటే మరిచిపోయింది చూడండి!

“అవ్వా, కాస్త నీ కుంపటి వాడుకుంటాను,” అని, బొంగును నిప్పుమీద తిప్పితిప్పి కాచింది. లోపలి నీరు సుయ్యిమంటూ పోయింది.

మళ్లీ విన్నది. లబ్... డబ్. నెమ్మదిగా, మగ్గం దూరంగా ఆడుతున్నట్టు.

“బతికున్నాడు! మా నాన్న బతికే ఉన్నాడు!”

రక్కసి నవ్వు ఆగిపోయింది.

“నన్నూ ఇలాగే వదిలేశారే. ఎన్నేళ్లయిందో! ఒక్కరూ చెవి పెట్టి వినలేదు. నాకూ ఓసారి...”

పైడికి భయం పోయి ఏడుపొచ్చింది. బొంగు ఆనించి, కళ్లు మూసుకుని విన్నది.

“కొట్టుకుంటోందవ్వా. గట్టిగానే కొట్టుకుంటోంది.”

ఆ మాటతో రక్కసి నోటివెంట మంచు ఆగింది. కుంపటి ముందు ఒక ముసలావిడ మిగిలింది. గుహలోకి ఎండ పడింది. పడుకున్నవాళ్లు ఒక్కొక్కరే దగ్గుతూ లేచారు. బోడయ్య లేస్తూనే, “బొంగు కాచావా?” అని అడిగాడు.

రాజు పైడికి ఆస్థాన వైద్యపదవి ఇచ్చి, ప్రాణమణి కూడా ఇస్తానన్నాడు. పైడి పదవి తీసుకుంది, మణి వద్దంది. అడవినిండా వెదురుండగా దానితో పనేముంది? బోడయ్య ఇంటింటికీ ఒక వెదురు చెవి చేసిచ్చాడు. నీలిగవిలో ఆనాటినుంచీ, గుండె విననిదే ఎవరినీ గడప దాటించరు. పిలవగానే ముందుగా వచ్చి బొంగు ఆనించేది గుహలోని ఆ అవ్వే. నూరు లెక్కపెట్టేదాకా చెవి తీయదు, ఇంకో నూరు కూడా వింటుంది.