ఎనభై చూపించిన మీటరు

శవం ర్యాంపు కింద ఉంది.

క్వారీలో రాళ్ళు లారీకి ఎక్కించే ర్యాంపు అది. రెండు నిలువుల ఎత్తు. కింద పగిలిన రాతి ముక్కలు. వాటి మధ్య లారీ ఓనరు వెల్లకిలా పడి ఉన్నాడు. ఒక చెప్పు కాలికి, ఒక చెప్పు పైన అంచు దగ్గర.

ఇన్‌స్పెక్టరు వంగి చూసింది. లేచింది. పైకి ఎక్కి అంచు చూసింది. దిగి మళ్ళీ వంగింది. ఒకచోట నిలబడటం ఆమెకు పుట్టుకతోనే చేతకాదు. స్టేషన్లో మేడమ్ కుర్చీ ఇంకా షాపులో ఉన్నంత కొత్తగా ఉందని సిబ్బంది నవ్వుకుంటారు.

"జారి పడ్డాడేమో మేడమ్?" అన్నాడు హెడ్ కానిస్టేబులు.

"జారినవాడు గోడ పక్కనే పడతాడు. ఈయన రెండు బారల అవతల పడ్డాడు. ఎవరో నెట్టారు. గట్టిగా."

"ఎవరో ఏంటి మేడమ్, అదుగో కూర్చున్నాడు."

ఓనరు జీపు పక్కన ఒక మనిషి గొంతుక్కూర్చుని ఉన్నాడు. నడివయసు. చొక్కా నిండా నెత్తురు. పోలీసులకు ఫోను చేసింది అతనే. ఓనరు దగ్గర పదేళ్ళుగా ట్రైలర్ లారీ నడిపాడు. మీటరు ముల్లు అరవై దాటనివ్వడని తోటి డ్రైవర్లు పెట్టిన పేరు నిదానం. అసలు పేరు ఎవరికీ గుర్తులేదు.

నిన్న సాయంత్రం ఓనరు అతన్ని పదిమందిలో డీజిలు దొంగ అని పనిలోంచి తీసేశాడు.

"ఇక్కడికెందుకొచ్చావు?"

"ఓనరే రమ్మన్నాడమ్మా. రాత్రి ఫోను చేశాడు. పొద్దున్నే ర్యాంపు దగ్గరికి రా అన్నాడు. మా ఇల్లు ఆ మలుపులోనే. నేనొచ్చేసరికి ఇలా పడి ఉన్నాడు. ఊపిరుందేమోనని తల ఒళ్ళో పెట్టుకున్నాను."

"ఎందుకు రమ్మన్నాడు?"

"చెప్పలేదు. గొంతు మాత్రం మెత్తగా ఉంది."

"దొంగ అన్న నోటితోనే మెత్తగా మాట్లాడాడా?" హెడ్ కానిస్టేబులు ఇకిలించాడు. "మంచి కథే చెప్పావు."

క్వారీకి ఆ రోజు సెలవు. చుట్టుపక్కల నరమానవుడు లేడు. ప్రాణం పోయింది ఏడు గంటల ప్రాంతంలో అని డాక్టరు చెప్పాడు.

ఈ చావుతో లాభపడేవాడు ఇంకొకడున్నాడు. ఓనరు తమ్ముడు.

*

లారీ యార్డు క్వారీకి యాభై కిలోమీటర్లు. తమ్ముడు గేటు దగ్గరే ఎదురొచ్చాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. చేతిరుమాలు మాత్రం పొడిగా ఉంది.

"పొద్దున ఎక్కడున్నారు?"

"డ్రైవరు లేడు కదా మేడమ్. నేనే ఖాళీ ట్రైలరు తగిలించుకుని సిమెంటు మిల్లుకు పోయాను. తీరా చూస్తే రిపేర్లని మిల్లు మూసేశారు. గేటు ముందు బండి తిప్పుకుని వచ్చేశాను."

"ఎవరైనా చూశారా?"

"మూసిన మిల్లు దగ్గర ఎవరుంటారు?"

"మీ ఫోను?"

"ఇంట్లో ఛార్జింగులో పెట్టి మరిచిపోయాను."

"దారిలో ఎక్కడైనా ఆగారా? పక్కకు తిరిగారా?"

"లేదు. తిన్నగా పోయాను, తిన్నగా వచ్చాను."

"కనీసం టీకి?"

"నాకు టీ అలవాటు లేదు మేడమ్."

అన్నిటికీ జవాబుంది. జేబులో పెట్టుకుని వచ్చినట్టు ఉంది.

ఆ యార్డులో పోయిన ఓనరు పెట్టిన పద్ధతి ఒకటుంది. బండి గేటు దాటేటప్పుడు నడిపేవాడు మీటరు చదివి కేకెయ్యాలి. వాచ్‌మన్ కాబిన్‌లోకి తల పెట్టి సరిచూసి, గోడమీద నల్లబోర్డు మీద సుద్దముక్కతో రాయాలి. ఓనరు కన్నతండ్రి వచ్చి బండి తీసినా సరే, కేకెయ్యాల్సిందే.

వాచ్‌మన్ బోర్డు చూపించాడు. ఆరింటికి వెళ్ళింది. ఎనిమిదింబావుకు వచ్చింది. తేడా ఎనభై.

"మిల్లు ఎంత దూరం?"

"నలభై మేడమ్. పోను నలభై, రాను నలభై. కచ్చితంగా సరిపోయింది. క్వారీకైతే నూరు కావాలి."

"నేను తప్పు చెప్పొచ్చు. మీటరు అబద్ధమాడదు కదా," అన్నాడు తమ్ముడు.

ఆమె ట్రైలరు చుట్టూ రెండుసార్లు తిరిగింది. టైర్ల సందుల్లో దుమ్ముంది. ఈ బండి రోజూ క్వారీకి పోయేదే. దుమ్ము ఏమీ చెప్పదు.

పక్క షెడ్డులో మెకానిక్కు ఇంజను కింద పడుకుని ఉన్నాడు. కాళ్ళు మాత్రం కనిపిస్తున్నాయి.

"పొద్దున ఎక్కడున్నావయ్యా?"

"ఇక్కడే, బండి కింద." కాళ్ళే జవాబు చెప్పాయి.

*

స్టేషన్ ముందు నిదానం పెళ్ళాం కూర్చుంది. పొడవాటి మనిషి. అంతకంటే పొడవాటి నోరు.

"మా ఆయన ఖూనీ చేశాడా? ఇంట్లో బొద్దింక కనబడితే నన్ను కేకేస్తాడమ్మా!"

"డీజిలు సంగతేంటి?"

"దొంగ డీజిలు అమ్ముకునేవాడి పెళ్ళాం ఇలా ఉంటుందా?" చెవులు చూపించింది. కమ్మల బదులు పుల్లలున్నాయి. "పదేళ్ళు మాట పడకుండా బతికాడు. ఇప్పుడు దొంగ, హంతకుడు. ఒక్క రోజులో రెండు ఉద్యోగాలిచ్చారు!"

లోపల ఫోను మోగింది. డీఎస్పీ.

"ఇంకా ఏంటమ్మా నాన్చుతున్నావు? గొడవ ఉంది, నెత్తురుంది, మనిషున్నాడు. రేపు పదింటికి కోర్టులో పెట్టేసెయ్."

"ఒక్క పూట ఆగండి సార్."

"ఆ పూటలో ఏం మారుతుంది?"

ఆమె ఫోను పెట్టి, కాలుకాలిన పిల్లిలా నిదానం ఉన్న లాకప్పు ముందు అటూ ఇటూ తిరిగింది. మనసులో ఏదో ముల్లు గుచ్చుకుంటోంది. ఎక్కడ గుచ్చుకుంటోందో తెలియడం లేదు.

"డీజిలు ఎవరు పోస్తారు?"

"తమ్ముడుగారే. యార్డులో డ్రమ్ములున్నాయి. తాళం ఆయన దగ్గరే."

"మరి నీమీద ఎందుకు పడ్డాడు ఓనరు?"

"లీటరుకు నాలుగు కిలోమీటర్లు ఇచ్చే బండమ్మా. రెండు నెలల కిందట మైలేజీ పెరగాలని వెనక ఇరుసులో పళ్ళచక్రాలు మార్పించాడు. కొత్త రోడ్డు చదునుగా ఉంది కదా, ఇంజను అంత గింజుకోనక్కర్లేదు. నిజమే, పాట పాడుకుంటున్నట్టు పోతోంది. ర్యాంపు ఎక్కేటప్పుడు మాత్రం మూలుగుతుంది. అయితే లెక్క చూస్తే మైలేజీ పెరగలేదు. మూడుకు దిగింది. ఖర్చుపెట్టి బాగుచేయిస్తే తగ్గుతుందా, నువ్వే తాగావురా అన్నాడు."

"నువ్వు గట్టిగా తొక్కుతున్నావేమో?"

నిదానం నొచ్చుకున్నాడు. అంతసేపట్లో మొదటిసారి గొంతు పెంచాడు.

"నేనా? అరవై దాటితే నా కాలు తీసేయండి! అదే వింత. ఈ మధ్య టీకొట్టు దగ్గర తోటివాళ్ళు ఒకటే ఎగతాళి. ఏం బావా, ఈ వయసులో కుర్రతనం వచ్చిందా, మమ్మల్నే దాటేస్తున్నావు అంటారు. నా ముల్లు అరవై మీదే ఉంటుంది. వాళ్ళకే ముసలితనం వచ్చిందనుకున్నాను."

ఇన్‌స్పెక్టరు నడక ఆగింది.

హెడ్ కానిస్టేబులు కంగారుపడి తలెత్తి చూశాడు. మేడమ్ కదలకుండా నిలబడటం అతను ఎప్పుడూ చూడలేదు.

"జీపు తియ్. యార్డుకు."

*

పోలీసు డ్రైవరు లారీ స్టీరింగు పట్టుకున్నాడు. పక్కన ఇన్‌స్పెక్టరు. వెనక జీపులో హెడ్ కానిస్టేబులు.

"ముల్లు అరవై మీద పెట్టు. అటూ ఇటూ కదలనివ్వకు."

లారీ క్వారీ రోడ్డెక్కింది. పావుగంట కాకముందే ఫోను మోగింది.

"మేడమ్, కాస్త నెమ్మదిగా పోనివ్వండి. అందుకోలేకపోతున్నాను."

"ఎంత మీద వస్తున్నావు?"

"డెబ్బై అయిదు."

ఆమె తన ముందున్న ముల్లు చూసింది. అరవై. కిటికీలోంచి రోడ్డు పక్క రాళ్ళు చూసింది. రాయి మీద ఇరవై. లారీ మీటరు లెక్కలో పదహారు.

క్వారీ ర్యాంపు దగ్గర దిగేసరికి రాయి మీద యాభై ఉంది. మీటరు నలభై తిరిగింది.

నలభై. మిల్లు దూరం.

"వెనక్కి తిప్పు," అంది. అప్పటికే మళ్ళీ కాబిన్ ఎక్కుతోంది.

*

సాయంత్రం వెలుగుండగానే అందరూ యార్డులో చేరారు. ఓనరు భార్య కుర్చీలో కూర్చుంది. మరిది ఆమె వెనక నిలబడ్డాడు. వాచ్‌మన్, మెకానిక్కు ఒక పక్క. నిదానాన్ని జీపులోంచి దించారు. పెళ్ళాం పిలవకుండానే వచ్చింది.

"మెకానిక్కుగారూ, మీటరు దేన్ని చూసి లెక్కపెడుతుంది?"

"గేరుబాక్సు తోకను చూసి మేడమ్. అక్కణ్ణుంచి వెనక్కి పోయే షాఫ్టు ఎన్ని చుట్లు తిరిగితే అంత."

"మునుపు షాఫ్టు ఎన్ని చుట్లు తిరిగితే చక్రం ఒక చుట్టు తిరిగేది?"

"అయిదు."

"పళ్ళు మార్చాక?"

"నాలుగు. అందుకే కదా ఇంజనుకు శ్రమ తగ్గి..."

అతని మాట మధ్యలో ఆగింది.

"అదీ సంగతి. చక్రం అంతే దూరం పోతుంది. షాఫ్టు మాత్రం తక్కువ తిరుగుతుంది. పాపం మీటరుకు ఆ సంగతి తెలియదు. బండి నూరు పోతే అది ఎనభై అంటుంది." తమ్ముడి వైపు తిరిగింది. "క్వారీకి పోయి వస్తే ఎంత?"

"నూరు," అన్నాడు వాచ్‌మన్, తనను అడగకపోయినా.

తమ్ముడి ముఖంలో నెత్తురు చుక్క లేదు. అయినా ఒప్పుకోలేదు. "మీటరు తప్పని నాకేం తెలుసు? నేను మిల్లుకే పోయాను. ఎనభై చూపించిందంటే పోయినట్టే కదా!"

"మీరు నిజంగా మిల్లుకు పోయుంటే మీటరు ఎనభై చూపించదు. అరవై నాలుగు చూపిస్తుంది. మిగతా పదహారు ఎక్కడ తిరిగారు?"

తమ్ముడు బోర్డు వైపు చూశాడు.

"దారిలో... టీకి..."

"మీకు టీ అలవాటు లేదు. తిన్నగా పోయాను, తిన్నగా వచ్చాను అన్నారు. మూడుసార్లు అడిగాను." ఆమె ఇప్పుడు మళ్ళీ నడుస్తోంది. "బోర్డు మీద లెక్క తప్పుగా ఉంటే అప్పుడే అనుమానించేదాన్ని. సరిగ్గా ఉంది. చెడిపోయిన మీటరు మీ ఒక్కరికే సరైన లెక్క ఎందుకు చెప్పింది?"

మెకానిక్కు ఒక అడుగు ముందుకొచ్చాడు.

"మేడమ్... ఆ రోజే చెప్పాను తమ్ముడుగారికి. మీటరు దగ్గర చిన్న గేరు కూడా మార్చాలని. తర్వాత చూద్దాంలే అన్నారు."

"ఈ మాట పొద్దునే చెప్పొచ్చు కదయ్యా!"

"మీరు నేనెక్కడున్నానని అడిగారు. గేరు సంగతి అడగలేదు." తల గోక్కున్నాడు. "నిన్న రాత్రి ఓనరు కూడా ఫోను చేశారు. ఖర్చు పెట్టించావు, మైలేజీ ఏదిరా అని తిట్టారు. మీటరు గేరు మార్చారా అని అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. లెక్క వేసుకుంటున్నట్టున్నారు."

ఓనరు వేసుకున్న లెక్కే ఇన్‌స్పెక్టరు దారి పొడుగునా వేసుకుంది. మీటరు మింగిన దూరం కలిపినా బండి లీటరుకు నాలుగు కూడా ఇచ్చినట్టు కాదు. పళ్ళు మార్చాక నాలుగున్నర రావాలి. ఆ తేడా రోడ్డు మీద పోలేదు. డ్రమ్ముల దగ్గర పోయింది. తాళం ఉన్న చోట.

"మీటరు తప్పు చూపించినన్నాళ్ళూ మీరు తోడుకున్న డీజిలు డ్రైవరు నెత్తిన పడుతుంది. అందుకే గేరు మార్చలేదు. మీ అన్న రాత్రే కనిపెట్టాడు. బండి క్వారీకి తెమ్మన్నాడు, రోడ్డు రాళ్ళతో మీటరు సరిచూద్దామని. అవునా?"

"వదినా, నేను కావాలని..." తమ్ముడు వదిన కుర్చీ పట్టుకున్నాడు. "దొంగ ఇంట్లోనే ఉన్నాడన్నాడు. తాళంచెవి ఇచ్చి పొమ్మన్నాడు. మెడ పట్టుకున్నాడు. ఒక్క తోపు తోశాను. అంతే."

వదిన వెనక్కి తిరగలేదు. కుర్చీ మీదున్న మరిది చేతిని ఒక్కొక్క వేలే విడదీసి తీసేసింది.

"తోశావు సరే. కిందికి దిగి చూశావా?" అంది.

అతను ఆ చెయ్యి జేబులో దాచుకున్నాడు.

"వీడు చూశాడు. దొంగ అనిపించుకున్నవాడు." నిదానం చొక్కా మీది మరకను వేలితో చూపించింది.

హెడ్ కానిస్టేబులు బేడీలు ఒక చేతి నుంచి ఇంకో చేతికి మార్చాడు. ఈసారి ఇకిలించలేదు.

నిదానం మెకానిక్కు దగ్గరికి నడిచాడు.

"ఓనరు ఇంకేమైనా అన్నాడా అన్నా? ఫోను పెట్టేముందు?"

"అన్నాడు." మెకానిక్కు నేలచూపు చూశాడు. "పదిమందిలో దొంగ అన్నాను కదరా వాణ్ణి అన్నాడు. రేపు వాణ్ణి కూడా రమ్మంటాను, రాళ్ళు లెక్కపెట్టాక వాడి చేతులు పట్టుకుంటాను అన్నాడు."

నిదానం ముఖం తుడుచుకోవడానికి చెయ్యెత్తి, మణికట్టు దాకా ఎండిన నెత్తురు చూసి దించేశాడు. పెళ్ళాం తన కొంగుతో తుడిచింది.

*

పోస్టుమార్టం అయ్యాక ఓనరును ఇంటికి తేవాలి. బంధువులంతా ఎక్కేంత బండి లేదు. ఓనరు భార్య తాళంచెవి నిదానం చేతిలో పెట్టింది.

"ఆయన బండి. నువ్వే తీసుకురా."

లారీ గేటు దగ్గరికి వచ్చి ఆగింది. వాచ్‌మన్ సుద్దముక్క పట్టుకుని నిలబడ్డాడు. అలవాటు కొద్దీ కేకేశాడు.

"మీటరెంత?"

నిదానం మీటరు వైపు చూశాడు. తర్వాత కిటికీలోంచి తల బయటపెట్టాడు.

"దానికి బుద్ధొచ్చాక చెబుతాను. ఇవాళ్టికి రోడ్డు మీద రాళ్ళు లెక్కపెట్టుకొస్తాను, రాసుకో."

వాచ్‌మన్ గేటు తెరిచాడు. బోర్డు మీద ఆ పూట గడి ఖాళీగానే ఉండిపోయింది.