చంద్రిబాయి దిగుడుకు పోసిన సాక

పాన్‌గల్ నుంచి పెద్దమందడి వైపు వచ్చే దారిలో చంద్రిబాయి దిగుడు అని ఒక చోటుంది. దాని పేరెత్తితే చాలు, నాకు ముక్కు మూసుకోవాలనిపిస్తుంది. దెయ్యానికి భయపడి కాదు — కంపుకు.

కుళ్లిన నిమ్మకాయలు, పగిలిన కోడిగుడ్లు, ఈకలు, ఖాళీ సీసాలు, వాటి మీద ముసిరే ఈగలు... పోయే ప్రతి లారీవాడూ ఏదో ఒకటి పారేసి పోతాడు. ఛీ! అక్కడ నిజంగా దెయ్యమే ఉంటే, ఆ రోత భరించలేక ఎప్పుడో ఊరు విడిచిపోయేది.

అదొక నిటారు దిగుడు. కిందికి వచ్చేసరికి కుడిచేతి పక్క, రోడ్డును ఆనుకొని, గోడ లేని పెద్ద బావి. ఎప్పుడో చంద్రి అనే కూలిమనిషి అందులో పడి చచ్చిపోయిందట. అప్పటి నుంచి చీకటిపడ్డాక దిగే లారీల స్టీరింగు పట్టుకొని బావివైపు గుంజుతుందట. ఇప్పుడైతే కళ్లకే కనిపిస్తున్నదంటున్నారు — తెల్లచీర, విరబోసుకున్న జుట్టు, రెండు చేతులూ పైకెత్తి లారీలకు అడ్డం వస్తుందట...

ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. ఎందుకో మీకే తెలుస్తుంది.

వనపర్తి లారీల అడ్డా దగ్గర నాకు టార్పాలిన్లు కుట్టే దుకాణం ఉండేది. పక్క షెడ్డు మెకానిక్ ఇస్రాయేలుది. రెండువేల అయిదులో, యాసంగి పల్లికాయ మార్కెట్టుకు వచ్చే రోజుల్లో జరిగింది ఇది. కొంత నేను చూసిందే. మిగతాది శేఖర్ భార్య వనజ చెప్పగా విన్నాను.

శేఖర్‌ది పాత లారీ. అంతకుముందు దాన్ని అతని అన్న వెంకటన్న నడిపేవాడు. ఒక రాత్రి ఆ దిగుడులో లారీ కుడిపక్కకు పోయి, బావి ఒడ్డు విరిగి, ముక్కు కిందికి వాలిపోయింది. ముందు అద్దం పగిలి వెంకటన్న నీళ్లలో పడ్డాడు. లారీని పైకి లాగగలిగారు, మనిషిని బతికించలేకపోయారు. కుడిపక్క నుజ్జయినదంతా బాగుచేయించి, ఆ లారీనే తమ్ముడు తీసుకున్నాడు. తల్లి జంగమ్మకు ఇక మిగిలింది శేఖర్ ఒక్కడే.

దిగుడు దాటాక లారీ ఆపి ముందు ఎడమ చక్రానికి సాక పోయడం ఆ దారిన పోయే డ్రైవర్ల ఆచారం. పసుపు నీళ్లలో వేపరెమ్మ వేసి దేవతకు ధార పోస్తారే, అదే సాక. వీళ్లు అందులో ఇంత ఆముదం కూడా కలుపుతారు. చంద్రి ఎడమ పక్క నుంచి ఎక్కుతుందట, అందుకని ఆ చక్రం ఆమెది. పోసిన నీళ్లు 'చుయ్'మని పొగలేస్తే ఆమె తాగినట్టు. పొగ రాకపోతే దూప తీరనట్టు. పొగ బాగా రావాలని కొందరు దిగుడు పొడుగునా బ్రేకు మీద కాలు తీయకుండా దిగేవాళ్లు! వీళ్ల తెలివి తెల్లారినట్టే ఉంది.

వెంకటన్న ఉన్నప్పుడు జంగమ్మ చెంబెడు సాక కలిపి ఇచ్చేది. అది చాలక కొడుకును మింగిందనుకొని, శేఖర్‌కు బిందెడు ఇవ్వడం మొదలుపెట్టింది.

లారీ మాత్రం రోజురోజుకూ పాడవుతూ వచ్చింది. బ్రేకు తొక్కగానే ముందుభాగమంతా దడదడ వణికేది. స్టీరింగు చేతుల్లో నిలిచేది కాదు. బండి కుడిపక్కకే లాగేది. మామూలు రోడ్ల మీద కూడా అట్లాగే లాగేది, కానీ అక్కడ బావి లేదు గదా, ఎవరూ పట్టించుకోలేదు.

కుడికి లాగుతున్నదని ఇస్రాయేలు కుడి చక్రమే విప్పి చూశాడు. టైర్లు మార్చాడు, బేరింగులు మార్చాడు, స్టీరింగు కీళ్లన్నీ ఊపి చూశాడు. వణుకు పోలేదు.

"ఎడమది గూడ విప్పి చూస్త అక్కా," అన్నాడొకసారి.

"దాన్ని ముట్టకు ఇస్రాయేలు," అంది జంగమ్మ. "ఆమె చక్రం అది. పెద్దోన్ని మింగింది సాలదా?"

ఇస్రాయేలు చేతిలోని స్పానర్ కింద పెట్టేశాడు. ఇంత వయసొచ్చి, ఇంత పని తెలిసి, వాడు కూడా భయపడ్డాడు. చూస్తుంటే నాకు చిరాకేసింది.

తర్వాత కొన్నాళ్లకు — శేఖర్ పల్లికాయ బస్తాలు వేసుకొని, పుట్టింటి నుంచి వనజను కూడా ఎక్కించుకొని, చీకటిపడ్డాక ఆ దిగుడుకు వచ్చాడు.

గాలి లేదు. ఎదురుగా ఒక్క బండి లేదు. బావి దగ్గరి తుమ్మచెట్ల మీద లైట్లు పడి, మళ్లీ తప్పుకున్నాయి...

"వనజా... గట్టిగ పట్టుకో," అన్నాడు మెల్లగా.

బ్రేకు మీద కాలు పెట్టాడు. దడ... దడ... దడ... స్టీరింగు వణికింది. అద్దాలు వణికాయి. లారీ ముక్కు — కుడికి తిరిగింది.

శేఖర్ పళ్లు బిగించి ఎడమకు తిప్పాడు. రాలేదు. ఇంకా గట్టిగా తొక్కాడు. ఇంకా కుడికే పోయింది...

"అన్నా... వొద్దన్నా..." అని గొణిగాడు. "నన్ను గుంజకు..."

వనజ అతని వైపు తిరిగి చూసింది. మొగుడు మాట్లాడుతున్నది తనతో కాదు.

లారీ ఆగింది. కుడి చక్రం కింది నుంచి మట్టిపెళ్ల ఒకటి జారింది. కొంచెంసేపు ఏ చప్పుడూ లేదు... తర్వాత కింద నీళ్లలో బుడుంగుమంది.

శేఖర్ మెల్లగా వెనక్కి తీసి, బండి ఆపి, బిందెతో దిగాడు. ఎడమ చక్రం మీద గుమ్మరించాడు. చుయ్‌య్‌య్... పొగ లేచింది. మాడిన ఆముదం వాసన గుప్పుమంది. ఆ పొగలోంచి, చక్రం లోపల — టక్.

"తాగుతుంది," అన్నాడు శేఖర్ చేతులు జోడించి. "ఇన్నవా... గుటకేసింది."

వనజ చక్రం వైపే చూస్తూ నిలబడిపోయింది.

"గీ సప్పుడు నేనెరుగుదు," అంది.

"ఏడ?"

"మనింట్లనే. పొయ్యి కాడ." ఆమె గొంతు తగ్గించింది. "మొన్న జొన్నరొట్టెలు చేసినంక కాలే మట్టిపెంక మీద నీళ్లు పోస్తి. గిట్లనే చుయ్యిమని, టక్కున పగిలె. అత్త ఎంత తిట్టె, యాది లేదా?"

"నోరు ముయ్యి! చంద్రి ఇంటది."

వనజను నోరు ముయ్యమన్నాడు గానీ, ఆ రాత్రి అతనికి కన్ను మూతపడలేదు. పొద్దున్నే షెడ్డుకు వచ్చి, ఎవరినీ అడగకుండా, ఎడమ చక్రానికి తనే స్పానర్ పెట్టాడు. నేనూ వెళ్లి నిలబడ్డాను.

చక్రం లోపల ఇనుప గిన్నెలాంటి డ్రమ్ము ఉంటుంది. బ్రేకు తొక్కితే లైనింగులు దాన్ని లోపలి నుంచి ఒత్తి పట్టుకుంటాయి. ఆ డ్రమ్ము ఊడదీయగానే వచ్చిన కంపుకు నేను ముక్కు మూసుకున్నాను. నల్లటి జిడ్డు, ముద్దకట్టిన పసుపు, మాడిన ఆముదం, మురిగిన వేపాకులు... దుమ్ము పడకుండా వెనక ఉండాల్సిన రేకు ఎప్పుడో ఊడిపోయింది. పోసిన సాకంతా లోపలికే పోయింది. థూ! దేవత తాగింది అనుకున్నది ఇదా?

లైనింగులు నూనెలో నాని జారిపోతున్నాయి. ఎడమ చక్రం ఆగదు, కుడిది ఒక్కటే ఆగుతుంది. లారీ కుడికి తిరగక ఏం చేస్తుంది? కాలి ఉన్న డ్రమ్ము మీద చన్నీళ్లు పడీ పడీ అది వంకరపోయింది, నెర్రెలు విచ్చింది. వణుకు అందుకే.

అప్పుడే జంగమ్మ వచ్చింది — ఆ రోజు సాక బిందెతో.

ఇస్రాయేలే నెమ్మదిగా అంతా చెప్పాడు. ఆమె వంగి, డ్రమ్ము మీది నెర్రెలను వేలితో తడిమింది. ఒకదాంట్లోంచి వేలికి ఎర్రగా తుప్పు అంటింది.

"గిది నిన్న మొన్నటిది గాదు గదా?"

"గివన్ని కొత్తయి అక్కా. గదొక్కటి... పాతది."

"ఎప్పటిది?"

ఇస్రాయేలు తల తిప్పుకున్నాడు.

"పెద్దోనికి గూడ నేనే కలిపిచ్చిన," అంది జంగమ్మ. బిందె అక్కడే వదిలేసి వెళ్లిపోయింది.

కొత్త డ్రమ్ము, కొత్త లైనింగులు వేశాక లారీ ఆ దిగుడులో గీత గీసినట్టు దిగింది. శేఖర్ కనిపించిన ప్రతి డ్రైవర్‌కూ సంగతి చెప్పాడు. విన్నారా? జంగమ్మ బిందెలకు బిందెలు పోసింది కాబట్టే చంద్రి చల్లబడిందన్నారు. అంతకుముందు చెంబుతో పోసేవాళ్లు కూడా బిందెలు తెచ్చుకున్నారు. మనుషులను చూస్తే అసహ్యం పుట్టేది అప్పుడే.

ఇక ఆ తెల్లచీర సంగతి. అది వెలిసిపోయిన చీర. లారీ లైట్లు పడితే తెల్లగా కనిపిస్తుంది. పొద్దుగూకగానే జంగమ్మ ఇల్లు విడిచి, నడుచుకుంటూ పోయి, ఆ కంపులో, ఆ బావి పక్కన నిలబడుతుంది. లారీ దిగుతుంటే రెండు చేతులూ పైకెత్తి అరుస్తుంది —

"పోయకుండ్రి బిడ్డా... దానికి పోయకుండ్రి..."

వాళ్లు కేకలు పెట్టి పారిపోతారు. ఒకడు మాత్రం పారిపోకుండా, ఆగి, చంద్రే ఎదురొచ్చిందనుకొని, బిందెడు సాక ఆమె నెత్తి మీద గుమ్మరించి మొక్కి పోయాడు.

ఆ రాత్రి పసుపు, ఆముదం కారుతూ ఇల్లు చేరిన అత్త తల తుడుస్తూ వనజ ఏడ్చిందట.

"ఎందుకేడుస్తవే?" అందట జంగమ్మ. "మంచిదే గదా. నా మీద పోసిండు... చక్రం మీద పొయ్యలే."